ఐదు కిలోమీటర్ల మెట్టు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మదనపల్లెలోని మా ఇంటికి వచ్చింది. కుప్పం చుట్టుపక్కల పొలాల్లో మట్టి తీసుకొచ్చి పరీక్షించి ఏదో పరిశోధన చేస్తోంది, ఆ అంకెలతో వేరియోగ్రామ్ గీయాలట. లాగ్ దూరం ఎంత పెట్టాలి పెదనాయనా అని అడిగింది, నేను కళ్లద్దాలు వెతుక్కునేలోపే, అక్కర్లేదులే, కంప్యూటరే వేసేసుకుంది అని నవ్వింది. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. లాగ్ అన్న మాట వింటే నాకు ఏమీ అనిపించకుండా పోయి చాలా ఏళ్లయింది.

నా ఈడువాళ్లలో ఈ వేరియోగ్రామ్ పేరు విననివాళ్లే ఎక్కువ కాబట్టి కొంచెం చెబుతాను. బోలెడు బావుల్లో నీటిమట్టం కొలిచామనుకోండి. రెండేసి బావులను జత కట్టి, వాటి మధ్య దూరమెంత, నీటిమట్టంలో తేడా ఎంత అని చూడాలి. దగ్గరి బావుల మధ్య తేడా తక్కువగా, దూరపు బావుల మధ్య ఎక్కువగా ఉంటే, ఆ తేడాలతో గీసిన గీత మెల్లగా పైకి పోతుంది, దాన్ని నమ్ముకుని కొలవని చోట కూడా నీళ్లు ఎంత లోతున ఉంటాయో పటం వేయవచ్చు. అయితే జతలను ఎన్ని కిలోమీటర్లకు ఒక గుంపుగా కట్టాలన్నది మాత్రం మనమే తేల్చుకోవాలి, ఆ మెట్టునే లాగ్ అంటారు. మెట్టు చిన్నదైతే ఒక్కో గుంపులో జతలు చాలక గీత ఎగిరెగిరి పడుతుంది, పెద్దదైతే గీత నున్నగా వస్తుంది కానీ దగ్గర్లో ఉన్న తేడాలన్నీ అందులో కలిసి మునిగిపోతాయి.

తొంభైల చివర్లో భూగర్భజలాల కొలతలు చూసే ఒక ఆఫీసులో నేను పని చేసేవాణ్ణి. కొలతకు పోవడమంటే ఎర్రబస్సులో పోవడమే. ఇనుప టేపు చివర సుద్దముక్క రుద్ది బావిలోకి వదిలితే తడిసినంత మేర సుద్ద రంగు మారేది, దాన్ని బట్టి లెక్క రాసుకునేవాళ్లం. బస్సు చివరి ఊరికి పోయి తిరిగొచ్చేలోపు కొలత ముగించి అదే బస్సెక్కాలి, లేకపోతే సాయంత్రం దాకా ఆ ఊళ్లోనే పడిగాపులు. అందుకని పుంగనూరు దారిలోనైనా, రామకుప్పం వైపైనా, ఊరికొక్క బావి, అదీ స్టాపుకు దగ్గరగా ఉన్నదే ఎంచుకునేవాళ్లం. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, మాకంటే ముందువాళ్లు అలా చేశారు, మేమూ చేశాం. డ్రైవర్లు కూడా మంచివాళ్లు, టేపు చుట్టుకుంటూ పరుగెత్తుకొస్తుంటే హారన్ కొట్టి ఆగేవారు.

అలా ఉన్న బావులన్నిటిలో ఒకే ఒక్క జత మాత్రం పక్కపక్కన ఉండేది. నిమ్మనపల్లెలో ఒక పెళ్లి ఊరేగింపు వల్ల బస్సు ఆగిపోతే, ఊరికే కూర్చోవడం ఎందుకని అదే వీధిలోని రెండో బావి కూడా కొలిచి రాసుకున్నాను. రెండింటి మధ్య వంద అడుగులు కూడా లేవు, నీటిమట్టంలో తేడా మాత్రం ముప్పై అడుగులు. మా వైపు భూమి కింద అంతా రాయి, నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి కాబట్టి ఇది వింతేమీ కాదు.

ఆఫీసుకు కంప్యూటరు వచ్చిన కొత్తలో లెక్క వేసే పని నాకే పడింది. ఒక కిలోమీటరు మెట్టు పెట్టి చూస్తే, మొదటి గుంపులో ఆ నిమ్మనపల్లె జత ఒక్కటే పడి, గీత ఆకాశం నుంచి మొదలై కిందికి దిగింది. రెండు కిలోమీటర్లు పెట్టినా అంతే. ఐదు పెట్టేసరికి ఆ జత మిగతావాటిలో కలిసిపోయి, గీత పాఠ్యపుస్తకంలో బొమ్మలా పైకి లేచింది. మా పై అధికారి నా భుజం మీదుగా చూసి, “గీత బాగుండాదప్పా, ఇదే పెట్టు,” అన్నారు. నాకూ బాగుందనే అనిపించింది. పక్కపక్కనే నీళ్లు మారిపోతాయని ఆ ఒక్క జత చెబుతోందని నాకు తెలియక కాదు, గీత అందంగా వచ్చిందన్న సంబరంలో అది వినబుద్ధి కాలేదు.

పటం తయారైంది. పెద్దమండ్యం వైపు మేం కొలిచిన బావులు రెండే, ఆ రెంటి మధ్య ఊళ్లో మా అక్కవాళ్ల మల్బరీ తోట ఉండేది. వాళ్ల బావి అడుగంటి, పట్టుపురుగులకు ఆకు కొని తెచ్చుకునే స్థితి వచ్చింది. బోరు వేయాలని, ముందు టెంకాయ పట్టి నీళ్లు చూసేవాణ్ణి పిలిపిద్దామని అక్క అన్నదట. బావ ఒప్పుకోలేదు. మనోడు ఆఫీసులోనే ఉండగా టెంకాయ యాల అని, నేరుగా నా దగ్గరికి వచ్చాడు. నేను పటం పరిచి, వాళ్ల పొలమంతా నీళ్లున్నట్టు ఒకే నీలిరంగులో ఉండడం చూపించి, యాడ వేసినా నీళ్లు పడతాయి బావా అని చెప్పాను. నా మాట మీద పాత మోటారు గది పక్కన వేశారు. మూడు వందల అడుగులు దిగినా దుమ్మే లేచింది. నేను అక్కడే ఉన్నాను, తెల్లటి రాతిపొడి నా చొక్కా మీద, బావ మీసాల మీద పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. కాలు తిమ్మిరెక్కితే అది మనది కానట్టుంటుందే, మనసంతా అలా అయిపోయింది.

ఆ నెలలోనే పక్క పొలం ఆయన, బోరు లారీ తిరగడానికి వీలైన చోటు అదొక్కటే కాబట్టి, గడ్డివామి పక్కన వేయించాడు. బావ వేసిన చోటికి నలభై అడుగులు. నీళ్లు పైకి ఎగజిమ్మాయి. బావ నన్ను ఒక్క మాట అనలేదు. మరో బోరు వేసే శక్తి లేక మల్బరీ పీకించి, పొలం పక్కాయనకే అమ్మేసి, పుంగనూరులో చింతపండు మండీలో మూటలు దించే పనికి చేరాడు.

ఆయన బతికున్నన్నాళ్లూ చెప్పాలనుకున్నాను, మీ ఊళ్లో నేను ఒక్క బావి కూడా కొలవలేదు బావా, నిమ్మనపల్లెలో కొలిచిన ఒక్క నిజాన్నీ నేనే ముంచేశాను అని. చెప్పలేదు. అవతలివాళ్లు తిడితే సిగ్గుపడడమో, ఎదురు తిరగడమో ఉంటుంది. తిట్టకుండా అన్నం పెట్టే మనిషి ముందు ఏం చేయాలో నాకు తోచలేదు.

ఇప్పుడు మేం టేపు దించిన బావులు చాలావరకు లేవు. కొన్నింటిని చెత్తతో పూడ్చారు, కొన్నింటి మీద గదులు లేచాయి. వంగి చూస్తే నీళ్లు కనబడే కాలం పోయింది కాబట్టి, ఎవరైనా నా లెక్కను సరిచూద్దామన్నా వీలు లేదు. బావ పోయాక అక్క పుంగనూరులో కూతురి దగ్గర ఉంటోంది. వెళ్లినప్పుడల్లా, ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి అదే చెబుతుంది: “మా తమ్ముడు లెక్కేసి సెప్పినాడు, ఆ లెక్కలో తప్పు లేదు. మా రాతే బాగలేదు.” వచ్చినవాళ్లు నా వైపు గౌరవంగా చూస్తారు. నేను తల వంచుకుని, అక్క వడ్డించింది తినేసి బస్సెక్కుతాను.