జమ్ములమ్మ సముద్రం కట్ట

వడ్డేపల్లిలో జమ్ములమ్మ సముద్రం ముచ్చట తీసిందంటే చాలు, పక్కింటి హన్మమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది. "సముద్రానికి కట్ట కట్టిందంట! చెరువనుకున్నదేమో!" అనేది. జమ్ములమ్మకు ఒళ్లు మండేది. మండదా మరి? మొగుడు పోయినంక కొడుకును అవ్వ దగ్గర వదిలి, మంగళూరు అవతల ఒక చిన్న రేవులో ఏండ్లకేండ్లు రాళ్లు మోసిందామె. అలల దెబ్బకు పడవలు పగలకుండా నీళ్లలోకి పొడుగ్గా వేసిన కట్ట అది. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి గడప దాటలేదు గానీ, చేసిన కష్టాన్ని అబద్ధమంటే ఊకుంటదా?

ఆ కొడుకే ఏసురత్నం. గద్వాలలో ఫోటో స్టూడియో పెట్టిండు. కుర్చీ వెనక కొబ్బరిచెట్లు, నీలం సముద్రం గీసిన పరదా ఒకటి వేలాడేది. ఫోటోల్లో దాన్ని చూసినప్పుడల్లా జమ్ములమ్మ మూతి తిప్పేది, సముద్రం గిట్లుండదు పోరా అని. 2003లో ఒకనాడు సూటిగానే అడిగింది. "ఊరందరి బొమ్మలు తీస్తవు. నా కట్ట బొమ్మ తెచ్చియ్యి. నేను సచ్చేలోపు హన్మమ్మ నోరు మూయించాలె."

అప్పటికే అందరూ కలర్ రీళ్లకు మారిండ్రు. అవి కడిగించాలంటే కర్నూలు ల్యాబుకు పంపాలె. అమ్మ కట్టను ఇంకెవడో కడుగుడేంది? ఏసురత్నం తానే కడుక్కోగల నలుపు తెలుపు రీలు ఎక్కించుకొని బస్సెక్కిండు.

రేవుకు చేరేసరికి పొద్దు వాలుతున్నది. కట్ట మీద కొసకంటా నడిచి తలెత్తిండు. అంతే, మతి పోయింది. తమ పాలమూరులో మబ్బు వచ్చినట్టే వచ్చి మొహం చాటేస్తది. ఇక్కడ మబ్బులు గుట్టలు గుట్టలుగా పేరుకొని, వాటి సందుల్లోంచి వెలుగు నీళ్ల మీద పడుతున్నది. ఇటు నొక్కిండు, అటు నొక్కిండు. చేతికి ఆగుడు లేదు. రీలు చివరికొచ్చినంక గుర్తుకొచ్చింది, కట్ట! కట్ట మీద నిలబడి ఆకాశాన్నే తీసిండు గానీ, కాళ్ల కింది కట్టను ఒక్క బొమ్మలో పెట్టలేదు.

"అయ్యో, ఎంత పని చేస్తిని!" అని నెత్తి కొట్టుకున్నడు. ఒడ్డుకు ఉరికి వెనక్కి తిరిగేసరికి సూర్యుడు సగం మునిగిండు. ఊపిరి బిగబట్టి, మిగిలిన ఆ ఒక్క బొమ్మ తీసిండు. ఇంకో పూట ఆగుదామంటే గద్వాలలో పెండ్లి ఫోటోలు ఒప్పుకొని ఉన్నడు. ఆ రాత్రికే బస్సెక్కక తప్పలేదు.

స్టూడియో వెనక చీకటి గదిలో ఎర్ర బల్బు కింద కడిగితే, ఆకాశం చూడముచ్చటగా వచ్చింది. కట్ట మాత్రం మసిబొగ్గు. ఏం మొహం పెట్టుకొని పోవాలె అమ్మ దగ్గరికి? కాగితం మీద కాగితం పాడు చేసిండు. చివరికి, కాగితం మీద వెలుగు పడేటప్పుడు కట్ట ఉన్న జాగకు అరచెయ్యి అడ్డం పెట్టి చూసిండు. వెలుగు తగ్గిన ఆ జాగ అంతగా నల్లబడలేదు, మందు నీళ్లలో తడి రాళ్ల అంచులు మెల్లగ తేలినయి. సంతోషం పట్టలేక అందరికంటే ముందు వడ్డేపల్లి ఆటో ఎక్కి కూసున్నడు.

జమ్ములమ్మ కంటే ముందే హన్మమ్మ ఆ బొమ్మ గుంజుకున్నది. "అబ్బో, ఎంత మబ్బు పట్టిందే! ఏ ఊర్ల వాన ఇది? మన దిక్కు రాకపాయె!"

చుట్టూ చేరినోళ్లు కూడా వాననే అన్నరు. ఆకాశం నల్లగ కనబడితే పాలమూరోళ్లకు ఇంకేం యాదికొస్తది? కట్టను ఒక్కరూ చూడలేదు. ఏసురత్నం మొహం మాడిపోయింది.

జమ్ములమ్మ బొమ్మ అందుకొని వేలు పెట్టి చూపించింది. "వాన గాదు, పొద్దుగూకుడు. కింద చూడు. గీ మలుపు కాడ అల కొట్టి రాళ్లు జారితే, నడుం లోతు నీళ్లల్ల నిలబడి మళ్ల పేర్చినం."

హన్మమ్మ వంగి చూసింది. నవ్వు పోయింది. "గంత నీళ్లల్లకు పోయినవా అక్కా? నాకు చూస్తేనే భయమైతుంది." ఆమె నోట అక్కా అన్న మాట అదే మొదలు.

గద్వాలకు పోంగనే ఏసురత్నం స్టూడియోలో ఆ నీలం సముద్రం పరదా పీకేసిండు. ఆ బొమ్మనే ముక్కలు ముక్కలుగా పెద్దగ కడిగి, అతికించి కుర్చీ వెనక గోడకు ఎక్కించిండు. మొదటి ఫోటోకు అమ్మనే ఆటోలో తెచ్చి కుర్చీలో కూసోబెట్టి, కెమెరా వెనక్కి పోయిండు.

"నడుమ కూసున్నవ్ అమ్మా, మంచిగున్నది. కదలకు."

"ఏం మంచిగ? కట్టకు అడ్డమున్న గదరా," అన్నది జమ్ములమ్మ. "నా మొహం ఊరందరికీ ఎరికే. నన్ను జర పక్కకు జరుపు, కట్ట మొత్తం పడాలె."

ఏసురత్నం కుర్చీని పక్కకు జరిపిండు.