మా అమ్మాయి చేతికి నేనేసిన నలభై

పోయిన ఏడాది తెనాలిలో ఒక సన్మాన సభ జరిగింది. రాష్ట్ర జట్టులో బేస్‌బాల్ ఆడివచ్చిన మా అమ్మాయికి శాలువా కప్పారు. తర్వాత నన్నూ వేదిక మీదికి పిలిచారు. మైకు దగ్గరున్న పెద్దాయన, "ఈ మాస్టారు లెక్కల మనిషండి. కూతురి ఆటని కంప్యూటర్లో పెట్టి, అంకెలేసి, ఎక్కడ తక్కువుందో ఎక్కడ ఎక్కువుందో కనిపెట్టి, క్యాచర్‌గా తీర్చిదిద్దారండి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను తల వంచి శాలువా కప్పించుకున్నాను. మా అమ్మాయి నా వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆయన చెప్పినదాంట్లో కంప్యూటరు నిజం, అంకెలు నిజం. మిగతాదంతా తలకిందులు. నా అంకెల మాట చెల్లి ఉంటే మా అమ్మాయి బాపట్ల సెలెక్షన్లలో బెంచీ మీద కూర్చుని మంచినీళ్ల సీసాలు అందిస్తూ ఉండిపోయేది. ఆ సంగతి ఆ రోజు మైకులో చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను.

నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల స్కూల్లో బేస్‌బాల్ మొదలైంది. అందులో క్యాచర్ అంటే క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు. ముఖానికి ఇనప చట్రం, ఛాతీకి దిండు కట్టుకుని బ్యాటర్ వెనక గొంతుక్కూర్చోవాలి. బౌలర్ లాంటి పిచ్చర్ విసిరిన బంతి పట్టాలి. పరుగు తీసేవాళ్లు ఒకదాని తర్వాత ఒకటి చేరవలసిన గుర్తులను బేసులంటారు. ఆ లోపల ఎవరైనా మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కు దొంగతనంగా పరుగు తీస్తే, లేచి అక్కడికి బంతి విసిరి అవుట్ చేయాలి. మా అమ్మాయికి మొదటి రోజు నుంచీ ఆ చోటే కావాలి. అందరికీ ఎదురుగా కూర్చునేది క్యాచర్ ఒక్కరే, ఆట మొత్తం అక్కడి నుంచే కనపడుతుంది అనేది.

ఆట నియమాలు తెలియడం కోసమని, నేను ప్రశ్నపత్రాలు టైపు చేసుకునే కంప్యూటర్లో ఒక బేస్‌బాల్ గేమ్ ఎక్కించింది. అందులో మనం బ్యాటు ఊపేది ఉండదు. జట్టును ఎంచుకుని, ఎవరు ఎక్కడ ఆడాలో చెబితే, ఆట యంత్రమే ఆడుతుంది. ఆమెకన్నా ముందు నేను అందులో పడిపోయాను. కారణం, ఆ అంకెలు.

అందులో ప్రతి ఆటగాడికీ ఒక పేజీ ఉంటుంది. బ్యాటరైతే బంతిని బ్యాటుకు తగిలించే నేర్పుకు ఒక అంకె, దూరం కొట్టే బలానికి ఒకటి, చెడ్డ బంతిని వదిలేసే ఓపికకు ఒకటి. పిచ్చరైతే పదునుకు, వంపుకు, అదుపుకు వేరువేరుగా. క్యాచరుకు చేతి బలం, క్యాచింగ్ నేర్పు. ప్రతిదానికీ మళ్లీ రెండు గడులు. ఇవాళ ఎంత ఉంది, ఎంతవరకు ఎదగగలడు. అంకెలు ఇరవైతో మొదలై ఎనభైతో ఆగిపోతాయి. చూడగానే మార్కుల్లా అనిపిస్తాయి గానీ కావు. యాభై అంటే ఆ లీగ్‌లో సగటు ఆటగాడు. అరవై అంటే మంచివాడు. నలభై అంటే పాసైనవాడు కాదు, పక్కన కూర్చోబెట్టవలసినవాడు. అదే ఆటగాణ్ని ఇంకా గట్టి లీగ్‌లోకి పంపితే అతని అరవై యాభైకి దిగుతుంది. అతను మారలేదు, చుట్టూ ఉన్నవాళ్లు మారారు.

ఇంకొకటి. ఆ అంకె ఫలితాన్ని తేల్చదు. గవ్వలు ఎటు పడే అవకాశం ఎక్కువో చెబుతుంది, అంతే. ముప్ఫై అయిదు ఉన్నవాడు కూడా ఒకరోజు బంతిని గోడ దాటిస్తాడు. పైగా మనకు కనపడే అంకె ఆటగాడి అసలు సత్తా కాదు. ఊరూరా తిరిగి ఆటగాళ్లను అంచనా కట్టే స్కౌటు అనే మనిషి ఒకడుంటాడు, అది అతని కంటికి ఆనినంత. స్కౌటు కన్ను మంచిదైతే అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. కాకపోతే దూరంగా. ఇది చదివిన రోజున నాకెంతో నచ్చింది. నాకే వర్తిస్తుందని మాత్రం తోచలేదు.

ఇద్దరం కలిసి ఒక లీగ్ తయారుచేశాం. తెనాలి, బాపట్ల, రేపల్లె, అంగలకుదురు, ఈపురుపాలెం, ఒక్కో ఊరికి ఒక్కో జట్టు. రేపల్లె జట్టులో మా బావమరిదిని ముసలి పిచ్చరుగా పెట్టి అదుపుకు ఇరవై వేసింది మా అమ్మాయి. "మావయ్య నోటికీ అంతేగా అదుపు" అంది.

తర్వాత తెనాలి జట్టులోకి వాళ్ల స్కూలు టీమును ఎక్కించాం. సాయంత్రాలు గ్రౌండు గోడ పక్కన నిలబడి చూసి వచ్చి నేనే అంకెలు వేసేవాణ్ని. సంగం జాగర్లమూడి నుంచి వచ్చే పొడుగమ్మాయి ఒకర్తె ఉండేది. బంతి విసిరితే గాలి చప్పుడయ్యేది. ఆమె చేతికి అరవై అయిదు వేశాను. చివరికి మా అమ్మాయి పేజీ దగ్గరికి వచ్చాను.

మా ఇంట్లో కన్నవాళ్లు బిడ్డను పొగడరు. మా అమ్మ నన్ను ఎప్పుడూ పొగడలేదు. ఎవరైనా "మీవాడు బాగా చదువుతాడటగా" అంటే, "ఏం చదువులెండి, ఒట్టి బద్ధకం" అనేది. పొగిడితే దిష్టి తగులుతుందని, బిడ్డకు మంచిది కాదని ఆమె నమ్మకం. ఆ మాట మీద నాకు నమ్మకం ఉందని నేను అనుకోలేదు. కానీ నా కంటికి యాభై అయిదు కనపడిన చేతికి నా వేళ్లు నలభై కొట్టాయి. ఎదగగలిగే గడిలో నలభై అయిదు. క్యాచింగ్ నేర్పు అంటే ఏమిటో నాకు తెలియదు కాబట్టి యంత్రం తనంతట పెట్టిన అంకెను అలాగే వదిలేశాను. కొన్నాళ్లకు ఆ నలభై కావాలని తగ్గించి వేసిందన్న సంగతే మరిచిపోయాను. తెర మీద ఉంది కాబట్టి అదే నిజమనుకున్నాను.

ఆమె చూడనే చూసింది.

"నాన్నా, నా చెయ్యి నలభయ్యా?"

"ఇప్పటికంతే. పెరుగుతుందిలే."

"పెరిగేది కూడా నలభై అయిదే వేశావుగా."

"మరీ ఎక్కువేస్తే బాగోదమ్మా."

"ఎవరికి బాగోదు?"

ఆమె కావాలంటే ఆ అంకె తనే మార్చుకోవచ్చు, ఒక్క నొక్కుతో పని. "నేను మార్చుకుంటే దొంగ అంకె అవుద్ది. నువ్వే మార్చు" అని లేచి వెళ్లిపోయింది. నేను మార్చలేదు.

బాపట్లలో సెలెక్షన్ల ముందు ఆదివారం వాళ్ల పీఈటీ సార్ మా ఇంటికి వచ్చాడు. మరుసటి ఏడు పదో తరగతి. ఇక గ్రౌండు మాట ఉండదని నేనూ మా ఆవిడా ముందే చెప్పేశాం. కాబట్టి మా అమ్మాయికి ఉన్నది ఆ ఒక్క అవకాశమే. బాపట్లలో క్యాచర్‌గా సెలెక్టర్ల కంట్లో పడితే సరి, లేకపోతే ఆట అక్కడితో ముగిసినట్టే.

"మాస్టారూ, మన పిల్లలంతా మీ కంప్యూటర్లో ఉన్నారంటగా" అన్నాడు పీఈటీ సార్, పెసరట్టు తుంచుకుంటూ. "క్యాచర్‌గా ఎవర్ని పెట్టాలో తేలట్లేదండి. మీ అమ్మాయా, ఆ జాగర్లమూడి అమ్మాయా. కాస్త మీ లెక్క చూసి చెప్పండి."

సీజన్లకు సీజన్లు ఆడించి చూపించాను. మా అమ్మాయి క్యాచర్‌గా ఉంటే ఎదుటి జట్టువాళ్లు పదేపదే రెండో బేస్ దొంగిలించేవారు. చేతికి నలభై వేస్తే యంత్రం ఇంకేం చేస్తుంది. పొడుగమ్మాయి ఉంటే తెనాలి గెలిచేది.

"నలభై అంటే పాసేగా మాస్టారూ?"

"కాదండి. సగటు కన్నా కిందండి."

"అంటే మీ అమ్మాయిని పక్కన పెట్టమంటారా?"

"లెక్క అలా చెబుతోందండి."

ఆయన తినడం ఆపి నా వైపు చూశాడు. "సొంత కూతురని కూడా చూడకుండా చెప్పారే. మీలాంటి తండ్రిని నేను చూళ్లేదండి."

నా ఛాతీ ఉప్పొంగింది. కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి మా అమ్మాయి అంతా వింది. ఒక్క చుక్క తొణక్కుండా గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లింది.

ఆ వారంలోనే సెలవు వస్తే రేపల్లె వెళ్లాం, మా అత్తగారింటికి. మా బావమరిదికి అక్కడ ఎరువుల కొట్టు ఉంది. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన ఊక నింపిన గోతాం వేలాడదీసి ఉంటుంది. మా అమ్మాయి వెళ్లినప్పుడల్లా దానికి బంతులు విసురుతుంది. ఆ రోజు నేను మెట్లెక్కేసరికి ఆమె గొంతుక్కూర్చుని, లేస్తూనే విసురుతోంది. గోతాం మీద సున్నంతో గీసిన గుండ్రం ఊక రాలి చెదిరిపోయింది. అటు చివర మా బావమరిది అరచెయ్యి ఊదుకుంటూ నిలబడ్డాడు.

"బావా, ఒక్క బంతి వట్టి చేత్తో పట్టి చూశాను" అని ఎర్రబడిన చెయ్యి చూపించాడు. "ఇది నలభయ్యా?"

"ఆటలో అంతే ఉంది."

"ఆటలో ఎవరేశారు?"

"నేనే."

"చూసి వేశారా, భయపడి వేశారా?"

నేను నవ్వబోయాను.

"నవ్వకండి. మా అక్క వండిన పులుసుని ఇన్నేళ్లలో ఒక్కసారన్నా బాగుందన్నారా మీరు? తినొచ్చు అంటారు. దీన్ని కూడా అలాగే, ఆడొచ్చు అన్నారు. ఫోన్ తియ్యండి. ఆ సారుకి చెప్పండి, అంకె తప్పేశానని."

అప్పుడు గుర్తొచ్చింది, నా కంటికి కనపడింది యాభై అయిదని. ఫోన్ తీశాను. సారు నంబరు దాకా వెళ్లాను. కూతురి కోసం అంకె మార్చాడనుకుంటాడు, ఆదివారం నన్ను మెచ్చుకున్న మాట వెనక్కి తీసుకుంటాడు అనిపించింది. ఫోన్ జేబులో పెట్టేశాను. నేను చింతించేది నలభై వేసినందుకు కాదు. అది అలవాటు. ఫోన్ జేబులో పెట్టినందుకు.

"రేపు చేస్తాలే" అన్నాను. మా బావమరిది మళ్లీ అడగలేదు. నేను చెయ్యలేదు.

బాపట్ల గ్రౌండులో ఆ రోజు గాలి బాగా ఉంది. మా అమ్మాయి బెంచీ మీద. పొడుగమ్మాయి క్యాచర్‌గా విసిరిన బంతులు బలంగానే వెళ్లాయి గానీ, రెండో బేస్ మీదుగా ఎగిరి అవతల పడ్డాయి. ఎదుటివాళ్లు పరుగులు తీసేశారు. ఆట మధ్యలో ఆ అమ్మాయే ముఖం మీది చట్రం తీసి చేత్తో పట్టుకుని బెంచీ దగ్గరికి వచ్చింది. మెట్ల మీద కూర్చున్న నాకు ఆమె మాటలు స్పష్టంగా వినపడ్డాయి.

"సార్, చెయ్యి నాదే గట్టిదండి. కానీ నేను లేచి విసిరేలోపు వాళ్లు సగం దూరం వెళ్లిపోతున్నారు. ఇది లేస్తూనే విసిరేస్తది. దీన్ని పెట్టండి సార్, నేను ఫస్ట్ బేస్ దగ్గర నిలబడతా."

పీఈటీ సార్ తిరిగి నా వైపు చూశాడు. లెక్క చెప్పినవాణ్ని నేనే కదా. అప్పుడన్నా లేచి చెప్పాల్సింది. నేను చెప్పులు చూసుకున్నాను. ఆయన చట్రం తీసుకుని మా అమ్మాయి చేతికిచ్చాడు.

ఆ చట్రం వెనక ఉన్నది నా కూతురని నాకు కొంచెంసేపు నమ్మబుద్ధి కాలేదు. నేల తాకి లేచిన బంతులను ఛాతీతో ఆపింది. పిచ్చర్ పిల్ల తడబడితే లేచి వెళ్లి భుజం తట్టి ఏదో చెప్పి నవ్వించి వచ్చింది. తర్వాతి బంతి ఎక్కడ వెయ్యాలో వేళ్లతో సైగ చేసింది. నేను అర్థం కాక వదిలేసిన క్యాచింగ్ నేర్పు అన్న గడి ఏమిటో అప్పుడు అర్థమైంది. ఇంతలో మొదటి బేస్ నుంచి ఒక పిల్ల పరుగు తీసింది. మా అమ్మాయి లేవడం, చెయ్యి వెనక్కి వెళ్లడం కలిసే జరిగాయి. బంతి ఎత్తుగా పోలేదు. మోకాలెత్తున, తిన్నగా, రెండో బేస్ దగ్గర ఉన్న గ్లవ్‌లోకి వెళ్లి కూర్చుంది. ఆ పిల్ల జారుకుంటూ వచ్చి ఆ గ్లవ్‌కే తగిలి అవుటైంది.

నా పక్కన ఈపురుపాలెం నుంచి వచ్చిన ఒక తండ్రి ఉన్నాడు. "ఆ క్యాచర్ పిల్ల ఎవరండి, భలే ఆడుతోంది" అన్నాడు.

"మా అమ్మాయేనండి" అన్నాను. వెంటనే నోట్లోంచి, "ఏదోలెండి, అలా ఆడుతుంది" అని కూడా వచ్చేసింది.

ఆమెను తీసుకున్నారు. తిరుగు రైల్లో పొడుగమ్మాయీ ఆమే ఒకే కిటికీ దగ్గర కూర్చుని జామకాయలు తిన్నారు. మా ఆవిడ పదో తరగతిలోనూ ఆడనిద్దాం అంది. నేను కాదనలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన ప్రాక్టీసు, చివరికి రాష్ట్ర జట్టు, అంతా ఆమె కష్టం. అందులో నా అంకె ఏదీ లేదు.

సన్మానం జరిగిన మర్నాడు శాలువా మడతపెట్టి, ఆమెను పిలిచి రేపల్లె డాబా సంగతి చెప్పాను. ఫోన్ తీయడం, జేబులో పెట్టేయడం.

"తెలుసు నాన్నా. మావయ్య అప్పుడే చెప్పాడు."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావేమోనని."

కంప్యూటర్ తెరిచాను. ఆమె పేజీ ఇంకా నలభై దగ్గరే ఉంది. చెరిపి డెబ్బై కొట్టాను. ఆమె వంగి చూసి నా చెయ్యి ఆపింది.

"ఇప్పుడు రాష్ట్ర లీగు నాన్నా. అక్కడ అందరి చేతులూ గట్టివే. నాది యాభై అయిదు ఉంటుంది. చూసి వెయ్యి."

యాభై అయిదు వేశాను. క్యాచింగ్ నేర్పుకు అరవై అయిదు వేస్తే ఏమీ అనలేదు. ఎదగగలిగే గడి దగ్గర మాత్రం ఆమెను అడగలేదు. అక్కడ డెబ్బై వేసి పక్కకు జరిగాను. ఆమె దాన్ని మార్చమనలేదు.

మా అమ్మాయి గొప్ప క్యాచర్. కన్నతండ్రిని, చూసే చెబుతున్నాను.