మా పిల్ల మీద అప్ప మొక్కు

పోయిన మంగళవారం పొద్దున్నే అప్ప కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, అమ్మ పోనాది" అన్నాడు. అంతే, పెట్టేశాడు. ఏడుపొచ్చింది, నిజమే. దాని వెనకాలే కోపమూ వచ్చింది. ఆవిడకీ నాకూ మధ్య ఏళ్ళ తరబడి తేలని తగువు ఒకటుంది. అది తేల్చకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు నేనెవరితో పోట్లాడాలి?

అప్ప అంటే ఇక్కడివాళ్ళకి అక్క. మాది కృష్ణా జిల్లా. తొంభైల మొదట్లో మా ఆయనకి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఉక్కునగరం క్వార్టర్స్‌లో దిగాం. మా పక్క క్వార్టరే ఆవిడది. సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లో పుట్టిన మనిషి. భర్తకి ప్లాంటులో పని దొరికాక ఊరు వదిలి వచ్చింది గానీ, ఆ ఊరి ఒడ్డున ఉన్న అమ్మవారిని మాత్రం వదల్లేదు. నేనూ మా ఆయనా దేవుణ్ణి నమ్మం. ముహూర్తం చూడకుండా దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నవాళ్ళం. మా అమ్మాయిని మొక్కులూ దిష్టులూ అంటకుండా పెంచాలని ఇద్దరం గట్టిగా అనుకున్నాం.

అనుకుంటే సరిపోతుందా? నాకు గాజువాకలో ఉద్యోగం, ఆయనకి షిఫ్టులు. బడి నుంచి వచ్చిన పిల్లని నేను తిరిగొచ్చేదాకా చూసేదెవరు? నేను నోరు తెరవకముందే అప్పే అంది: "గుంటని నా కాడ ఒగ్గేసి ఎల్లు. నాకు ఆడపిల్ల నేదు." నేను ఒక్కటే షరతు పెట్టాను. "అన్నీ నీ ఇష్టం అప్పా. దేవుడి కబుర్లు మాత్రం దానికి చెప్పకు." "సరేలే సెల్లీ" అంది. ఆ సరేలేని నమ్మి నేను ఆఫీసుకి వెళ్ళాను.

సాయంత్రం వచ్చేసరికి పెరటి గుమ్మం పైమెట్టు మీద అప్ప, కింది మెట్టు మీద మా అమ్మాయి. కొబ్బరినూనె పట్టించి, ఓపిగ్గా చిక్కు తీసి, రెండు జడలు వేసేది. నాకెప్పుడూ ఆ ఓపిక లేదు. నా చేతిలో ఉంటే దాని జుట్టు చెవుల దగ్గరే ఆగిపోయేది. అప్ప చేతిలో నడుము దాకా వచ్చింది. జుట్టుతోపాటు కబుర్లూ పెరిగాయి. పొద్దుగూకాక తల్లి, అంటే వాళ్ళ ఊరి అమ్మవారు, ఒడ్డు వెంట నడుస్తుందట, వేటకెళ్ళిన పడవలన్నీ తిరిగొచ్చాయో లేదో చూసుకుంటుందట. ఒకరోజు మా అమ్మాయి కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద తీసి పక్కన పెట్టింది. "అదెవరికే?" అన్నాను. "తల్లికి" అంది. నాకు తిక్క రేగింది.

ఉన్నపళాన పక్కింటికి వెళ్ళాను. అప్ప చేపల పులుసు కలుపుతోంది. నా కేకలన్నీ విని, పొయ్యి తగ్గించి, ఇటు తిరిగింది.

"ఏటే సెల్లీ, నా ఇంట్లో పులుసు పెడితే ఊరుకుంతావు. నూనె రాత్తే ఊరుకుంతావు. నా కాడ ఉన్నదాంట్లో మంచిది తల్లే. అది గుంటకి పెట్టకండా దాసుకోమంతావేటి?"

"అది నీ నమ్మకం. మా పిల్ల మీద రుద్దకు" అన్నాను.

"మరి మీ ఆయన సేత్తన్నదేటి?"

మా ఆయన ఆదివారాలు కాలనీ పిల్లల్ని పోగేసేవాడు. నాలుక మీద కర్పూరం వెలిగించేవాడు, కొబ్బరికాయలోంచి పువ్వులు తీసేవాడు, బాబాలు చేసేవన్నీ ఇలాంటి గారడీలేనని చూపించేవాడు. అప్ప కొడుకు ముందు వరసలో కూర్చునేవాడు. ఆ ఏడు ఊళ్ళో అమ్మవారి పండక్కి రానని వాళ్ళమ్మతో తెగేసి చెప్పాడట.

"మావోడు తల్లి కాడికి రానన్నాడు. నానొచ్చి మీ గుమ్మంలో అరిసినానా?" అంది అప్ప.

"అది సైన్సు అప్పా, నమ్మకం కాదు."

"మీకు సైన్సు, నాకు తల్లి. పిల్లలకి రెండూ సెప్తే పెద్దయ్యాక కావల్సింది ఏరుకుంతారు."

ఆ రెండూ ఒకే బుట్టలో వేసేవి కావని చెప్పడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. గోడకి చెప్పుకున్నట్టే అయింది. అన్నింటికంటే చిరాకు ఏమిటంటే, మర్నాడు మళ్ళీ పిల్లని ఆ గోడ దగ్గరే వదిలి బస్సెక్కాలి. నాకు జ్వరమొస్తే జావ కాచి తెచ్చి, తాగేదాకా కదిలేది కాదు. ఇంట్లో పెరుగు అయిపోయిందని నేను చెప్పకుండానే గిన్నెతో వచ్చేది. అలాంటి మనిషితో తెగతెంపులు చేసుకోలేం, సర్దుకుపోనూ లేం.

మా అమ్మాయికి ఏడో ఏట టైఫాయిడ్ వచ్చింది. ఆస్పత్రిలో పెట్టాం. పగలంతా అప్ప మంచం పక్కనుంచి లేవలేదు. జ్వరం దిగింది, పిల్ల ఇంటికొచ్చి లేచి తిరిగింది. అప్పుడు అప్ప చల్లగా చెప్పింది: "తల్లికి మొక్కినాను సెల్లీ. గుంట లేచి తిరిగితే జుత్తు ఇత్తానని. ఆదివారం తీసుకెల్దుమా?"

నా పిల్ల జుట్టు! నన్నడక్కుండా! "ఆ హక్కు నీకెవరిచ్చారు?" అని అరిచాను. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆ జుత్తు పెంచినది నానే కదేటి?" అంది. నూనె రాసి పెంచిన చేతికి ఇచ్చే అధికారం కూడా ఉందని ఆవిడ అనుకుంది. అందులో తప్పేముందో ఆవిడకి తట్టనే లేదు. పోనీ గుండు వద్దు, మూడు కత్తెర్లు వేయిద్దాం అని బతిమాలింది. అంటే మూడు చోట్ల కాస్త కాస్త కత్తిరించి ఇవ్వడం. ఒక్క వెంట్రుక కూడా వెళ్ళదన్నాను. పిల్లని బతికించింది డాక్టరు, మందులు అన్నాను.

తలుపు చాటున నిలబడి మా అమ్మాయి ఇదంతా వింది. ఆ రోజు నుంచి మొదలైంది. "అమ్మా, తల్లికి కోపం వస్తుందా? నాకు మళ్ళీ జ్వరం వస్తుందా?" స్నానం చేస్తూ అడిగేది, బూట్లు వేసుకుంటూ అడిగేది. తల్లీ లేదు, కోపమూ లేదు అని నేను. నీళ్ళలో క్రిములు ఎలా ఉంటాయో బొమ్మలు గీసి వాళ్ళ నాన్న. శ్రద్ధగా వినేది, తలూపేది, మళ్ళీ అడిగేది. నేను దేనికి భయపడి ఆ షరతు పెట్టానో సరిగ్గా అదే జరిగింది. పిల్లని పంపడం మానేశాను. "నీ దేవుణ్ణి పెడతానన్నావు, నువ్వు పెట్టింది భయం" అని అప్ప ముఖం మీదే అన్నాను. ఈ మాట ఇవాళైనా అంటాను.



కొద్దిరోజులకి అప్ప మా గుమ్మంలోకి వచ్చి తల మీది కొంగు తీసింది. గుండు. దాని మీద గంధం పూత. పిడికిట్లో పట్టనంత ముడి ఉండేది ఆవిడకి. మా అమ్మాయి ముందు చతికిలబడి, "సూడమ్మా, నీ బదులు నానిచ్చేసినాను. తల్లికి సరిపోనాది. నిన్నింకేటీ అడగదు. నీకూ తల్లికీ ఏ పేచీ నేదు" అంది. మా అమ్మాయి చెయ్యి చాపి ఆ గుండు నిమిరింది. నున్నగా ఉందని నవ్వింది. తర్వాత ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

నేనేమనాలి చెప్పండి? భయం పెట్టిందీ ఆవిడే, తీసిందీ ఆవిడే. మెచ్చుకుందామంటే ఆవిడ చేసిందంతా సరే అన్నట్టవుతుంది. తిడదామంటే ఎదురుగా ఆ గుండు. కాఫీ ఇచ్చాను. తాగి, "పంచదార తక్కువైనాది" అని గ్లాసు కడిగి పెట్టి వెళ్ళింది. మర్నాటి నుంచి పిల్లని పంపాను. తల్లి కబుర్లు ఆపేసిందా అంటే ఏమో. పిల్ల నాకు చెప్పడం మానేసింది.

మేం గాజువాకలో ఇల్లు కట్టుకున్నాక కూడా రాకపోకలు ఆగలేదు. వెళ్ళినప్పుడల్లా ఆ తగువు కదిపేదాన్ని. నాకు కావలసింది ఒక్క జవాబు. అడగకుండా ఇంకొకరి బిడ్డకి మన దేవుణ్ణి ఇవ్వడం తప్పా, కాదా? తప్పనీ అనలేదు, కాదనీ అనలేదు. "ఇంకా అదే పట్టుకుని ఏలాడతన్నావేటే? గుంట బాగున్నాది కదా" అనేది. అవును, బాగుంది. ఎంత అన్నం తిన్నదో, ఎన్ని పాటలు నేర్చుకున్నదో ఆ మెట్ల మీద. అది నేనెప్పుడూ కాదనలేదు.

ఆవిణ్ణి సొంత ఊరికే తీసుకెళ్ళారు. మా అమ్మాయి కూడా ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. అన్నీ అయ్యాక ఆడవాళ్ళు సముద్రంలో మునిగి తడిబట్టలతో వెనక్కి నడుస్తున్నారు. చూస్తే మా అమ్మాయి వాళ్ళలో లేదు. దూరంగా అమ్మవారి గుడి ముందు ఒక్కతే నిలబడి ఉంది. పక్కనున్న ముసలామె నా చెయ్యి గిల్లింది. "మైలతో అటు ఎల్లకూడదు, గుంటని పిలువమ్మా" అంది.

పిలిచాను. గాలికి వినపడలేదు. వెనకనుంచి చూస్తే దాని వీపే కనిపిస్తోంది, చేతులు కనిపించడం లేదు. జోడించిందా, ఊరికే కట్టుకు నిలబడిందా? తెలుసుకోవాలని గబగబా నడిచాను. నేను చేరేలోపే ఇటు తిరిగి, తడి జుట్టు ముడివేసుకుంటోంది.

"దండం పెట్టావా?" అన్నాను.

"అది నీకెందుకమ్మా?" అంది. మెత్తగానే అంది. నా పక్కనుంచి నడిచి వెళ్ళి ముసలామె చెయ్యి పట్టుకుంది.

నేను అక్కడే ఉండిపోయాను. గుడి తలుపు మూసి ఉంది. దాని ముందు ఇసకలో మా అమ్మాయి పాదాల గుర్తులు పక్కపక్కనే, చాలాసేపు కదలకుండా నిలబడ్డ మనిషివిలా, లోతుగా దిగి ఉన్నాయి.