తొడ కొట్టిన గోలు

మాఘ శుద్ధ దశమి, శనివారం సాయంత్రం. మా అరుగు మీద ఉన్నవారు: నేను, నా భార్య, ఎదురింటి ప్లీడరు గారు, మా మనవడు.

హైస్కూలు మైదానం నుంచి ఈల వినిపించినప్పుడల్లా మనవడు లేచి నిలబడుతున్నాడు. గోలు వేసి, అవతలి జట్టు ముందుకెళ్లి గంతులేసినందుకు రిఫరీ వాణ్ణి బయటికి పంపేశాడు. ఆట ఇంకా సాగుతోంది.

“ఆ గోలే రద్దు చెయ్యాల్సిందండీ. అప్పుడుగానీ బుద్ధి రాదు” అన్నారు ప్లీడరు గారు.

“న్యాయంగా వేసిన గోలండీ! సంతోషం ఆపుకోమంటే ఎలాగండీ?” అన్నాడు వాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. ఉద్యోగం చేసుకుంటూనే పాతికేళ్లు స్కూలు ఆటలకు రిఫరీగా ఉన్నవాణ్ణి కదా. అంతలో మైదానంలో మళ్లీ ఈల వినిపించింది. ఈల ఆగినా చెవిలో మోగుతూనే ఉంది. అది నాగభూషణం మాస్టారి ఈలలా తెగి తెగి మోగింది.

గోదావరి మీద రైలు వంతెన కొత్తగా వచ్చిన రోజుల్లో ఆయన మా డ్రిల్లు మాస్టారు. పటాలంలో పనిచేసి వచ్చిన మనిషి. ముందుపన్ను ఒకటి లేదు. ఊదితే గాలి ఆ సందులోంచి జారిపోయి ఈల తెగేది. మేము పంచెలు బిగించి, ఉత్తకాళ్లతో బంతి తన్నేవాళ్లం. మంచి గోలు పడితే ఆయనే తలపాగా తీసి ఎగరేసేవారు. కానీ ఒక్క సంగతి దగ్గర ఆయనకు స్థిమితం ఉండేది కాదు. గోలు వేసినవాడు ఎటు తిరిగి సంబరపడుతున్నాడా అని కళ్లు చికిలించి చూసేవారు.

“మీవాళ్ల వైపు తిరిగి ఎంతైనా ఎగరండ్రా. ఎదుటివాడి మొహం మీదకెళ్లి ఎగరొద్దు” అనేవారు.

“పొరపాటున అటు తిరిగితేనండీ?” అన్నాడు ఒకరోజు వీర్రాజు. మా జట్టులో అందరికంటే బాగా ఆడేవాడు వాడే.

“పొరపాటున తిరిగినవాడు పొరపాటున తొడ కొట్టడు కదరా!”

ఆ ఏడు షీల్డు ఆటకు అవతలి గట్టు జట్టు కొత్త వంతెన మీదుగా రైల్లో వచ్చింది. నేను మా జట్టు కెప్టెన్ని. మాస్టారే రిఫరీ. మా స్కూలు మనిషని వాళ్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. రాత్రి వానకు మైదానమంతా బురద. సగం ఆట అయ్యాక వీర్రాజు గోలు వేశాడు. గోలు కాస్తున్న కుర్రవాడు బోర్లా పడ్డాడు, పంచె ఊడింది. వీర్రాజు వాడి తల దగ్గర నిలబడి తొడ కొట్టి, ఇంకా మొలవని మీసం మెలేశాడు. డప్పులు మోగాయి. “పంచె కట్టుకోవడం రానోడు గోలేం కాస్తాడ్రా!” అని ఎవరో అరిస్తే జనం విరగబడి నవ్వారు.

మాస్టారు ఈల ఊదారు. “గోలు గోలే. నువ్వు మాత్రం బయటికి పో. ఆట అయ్యేదాకా రావద్దు.”

నేను పరుగెత్తాను. “రూల్సు పుస్తకంలో ఇలాంటి శిక్ష లేదండి మాస్టారూ!”

“లేదురా. పుస్తకం రాసినవాళ్లు తొడ కొట్టడం చూసుండరు.”

మిగిలిన పదిమందిమి ఆడి, రెండు గోల్సు వేయించుకుని ఓడిపోయాం. రెండోది పడగానే, ఆ గోలు కాసే కుర్రవాడు మైదానం పొడవునా పరుగెత్తుకొచ్చి గీత అవతల ఉన్న వీర్రాజు ముందు ఆగాడు. తొడ కొట్టడానికి చెయ్యి లేచింది. మాస్టారు ఈల నోట్లో పెట్టుకున్నారు. కుర్రవాడు చెయ్యి దించి, తనవాళ్ల వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాడు.

హెడ్మాస్టరు గారు అందరి ముందే మాస్టారితో అన్నారు: “షీల్డు మీరే ఎత్తిచ్చారు. రేపు పొద్దున్న నా గదికొచ్చి తప్పయిందని చెప్పండి. లేదంటే వేరే పని చూసుకోండి.”

మర్నాడు మాస్టారు వీర్రాజునూ నన్నూ మైదానానికి పిలిచారు. గోలు ముందు బురదలో తానే బోర్లా పడుకున్నారు.

“కొట్టరా తొడ.”

“అమ్మో, నావల్ల కాదండీ!”

“ఎంత తగులుతుందో తెలియకుండా ఎంత శిక్ష వెయ్యాలో నాకెలా తెలుస్తుందిరా? కొట్టు.”

వాడు మెల్లగా కొట్టాడు. “నిన్నటిలా!” అని కసిరారు. వాడు కళ్లు మూసుకుని కొట్టాడు. మాస్టారు వెంటనే లేవలేదు. లేచాక “పంపడం సరే” అన్నారు. నాలుగడుగులు వేసి, “ఆటంతా నిలబెట్టడం ఎక్కువేమోరా, వాడొక్కడి పనికి మీరంతా మోశారు” అన్నారు. ఇంకొంచెం నడిచి, “తక్కువైతే మళ్లీ కొడతాడు” అన్నారు. హెడ్మాస్టరు గది దాకా అదే వరస.

“ఎక్కువైందని ఒక్కటే చెప్పండి మాస్టారూ, ఉద్యోగం ఉంటుంది” అన్నాను.

ఆయన లోపలికెళ్లి, “తప్పు కాదండి. ఎక్కువైంది” అన్నారు.

“రెండింట్లో ఏదో ఒకటి చెప్పండి.”

“రెండూనండి.”

ఉద్యోగం ఉంచారు. ఈల తీసేసుకున్నారు. ఆయన మళ్లీ రిఫరీగా నిలబడలేదు. నేను నిలబడ్డ ఇన్నేళ్లూ గోలు పడగానే బంతిని వదిలి, వేసినవాడి మొహం ఎటుందో చూశాను. వాణ్ణి ఎంతసేపు బయట నిలబెట్టాలో మాత్రం ప్రతిసారీ తడుముకున్నాను.

ఇదంతా నిన్న రాత్రి డైరీలో రాసి పడుకున్నాను గాని సరిగా నిద్ర పట్టలేదు. ఈ ఉదయం మనవణ్ణి లేపి మైదానానికి తీసుకెళ్లాను. పడుకోవడానికి నా నడుం ఒప్పుకోదు. వాణ్ణే పడుకోమన్నాను.

“ఇదేం ఆట తాతయ్యా!” అంటూ వాడు నవ్వుతూ గోలు ముందు బోర్లా పడుకున్నాడు. నేను పంచె ఎగగట్టి, వాడి తల దగ్గర నిలబడి తొడ కొట్టాను.

వాడి నవ్వు ఆగింది.

“ఇప్పుడు చెప్పరా, ఎంత శిక్ష వెయ్యాలి?” అన్నాను.

ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాడు. ఇంకా చెప్పలేదు.