సాక్ష్యం అడిగినందుకు

ఆ రోజుల్లో నేను మందమర్రి చుట్టుపక్కల బొగ్గు కార్మికుల కాలనీల్లో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పేదాన్ని. అందరూ బైబిలమ్మ అనేవారు. మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఆపద నుంచి బయటపడ్డవాళ్లు తరువాతి ఆదివారం అందరి ముందు లేచి సాక్ష్యం చెప్పాలి. జ్వరం తగ్గినా అంతే, కాన్పు సుఖంగా జరిగినా అంతే, బొగ్గు బాయిలోంచి ప్రాణాలతో పైకి వచ్చినా అంతే.

ఒక విధవరాలి కొడుకు, పాతికేళ్లవాడు, బాయిలో పైకప్పు కూలినప్పుడు చిన్న గాయమైనా లేకుండా బయటపడ్డాడు. పక్కనే బొగ్గు ఎత్తుతున్న అతని జోడీ చనిపోయాడు. ఆ ఆదివారం అతణ్ణి లేపి నిలబెట్టింది నేనే. దేవుడు కాపాడాడని ఒక్క మాట చెప్పి కూర్చోమన్నాను. ముందు వరుస చాప మీద చనిపోయినవాని భార్య కూర్చుని ఉంది. అతను ఆమెను చూశాడు. నోరు తెరిచి, మూసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు.

ఇంటికి పోయి వెనక గదికి గడియ పెట్టుకున్నాడు. నాలుగు నెలలు, అందరూ నిద్రపోయాక తప్ప, బయటికి రాలేదు.

మొదట మేము చేసింది ఇంకా పెద్ద తప్పు. ఇరవై మందిమి ఆ ఇంట్లో కూడి, కంజిర వాయించి పాడి, తలుపు దగ్గర నిలబడి గట్టిగా ప్రార్థించాం. ఆ తరువాత మూడు రోజులు తల్లి పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉంది. అప్పుడు నాకు లేఖనంలో బిడ్డలనూ ఆస్తినీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న భక్తుడు గుర్తొచ్చాడు. అతని స్నేహితులు ఏడు దినాలు మాట లేకుండా పక్కన కూర్చున్నారు. వాళ్లు నోరు తెరిచాకే చెడింది. ఆ అధ్యాయాన్ని నేను ఎన్ని ఇళ్లలో బోధించానో!

సంఘస్తులను రావద్దన్నాను. తల్లిని ఏమీ అడగవద్దని, పళ్లెం పెట్టి తలుపు పక్కనే తన పని చేసుకోమని చెప్పాను. ఆమె అక్కడే బియ్యం ఏరేది, చింతపండు గింజలు తీసేది. సాయంత్రాలు నేనూ పోయి ఆమెతో పాటు గింజలు తీసేదాన్ని. కొన్నాళ్లకు పళ్లెం ఖాళీగా బయటికి రావడం మొదలైంది. ఒకరోజు కడిగి పెట్టి ఉంది. ఆమె ఆ తడి పళ్లెం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

అంతలో కంపెనీ నుంచి కబురు వచ్చింది. శనివారం గుమాస్తా ఇంటికి వస్తాడు. మనిషి కనబడి, బాయిలోకి దిగకపోయినా పైపనికి వస్తానని తన నోటితో చెబితే పేరు ఉంటుంది. లేకపోతే పేరు కొట్టేసి క్వార్టరు ఖాళీ చేయిస్తారు. ఆ రెండు గదులు తప్ప తల్లికి వేరే నీడ లేదు.

శనివారం ఆమె తమ్ముడు గడ్డపార పట్టుకుని వచ్చాడు.

"కొత్త కోడలు గూడ గిన్ని దినాలు దాగది. తలుపు పీకి గుంజుకొస్త" అన్నాడు.

గుమాస్తా కాగితంతో వాకిట్లో నిలబడి, తనకు ఇంకా నాలుగు ఇళ్లున్నాయని రెండుసార్లు చెప్పాడు. గడ్డపార తలుపు సందులోకి దిగింది. లోపల ఏదో బరువైనది జరిపి తలుపుకు అడ్డం పెట్టిన చప్పుడైంది. తల్లి నా వైపు చూసింది.

నేను గడ్డపార మీద చెయ్యి వేసి, "జర ఆగు తమ్మీ" అన్నాను. ఎప్పుడూ నోటి చివర ఉండే ప్రార్థన ఆ క్షణం రాలేదు. తలుపుకు ముఖం ఆనించాను.

"బిడ్డా, తప్పు నాది. నీ జోడీ కోసం నిన్ను ఏడ్వనియ్యలే. స్తోత్రం చెప్పుమన్న. ఇగ సాక్ష్యం అడుగను."

గుమాస్తా కాగితం మడిచాడు. అప్పుడు బరువు జరిగిన చప్పుడు, తరువాత గడియ. తలుపు బెత్తెడు తెరుచుకుంది. గడ్డం పెరిగిన ముఖం సగం కనబడింది. గుమాస్తాను కాదు, నన్ను చూస్తూ అన్నాడు.

"పైపనైతే వస్త. ప్రార్థనకు రాను."

గుమాస్తా రాసుకున్నాడు. తల్లి భయంగా నా ముఖంలోకి చూసింది. ఆత్మలను సంఘంలోకి పిలవడం నా పిలుపు. ఒకరిని వద్దనడం నేనెన్నడూ ఎరుగను.

"రాకు బిడ్డా" అన్నాను. "పనికి పో."

సంఘ పెద్దలు ఆ మాటకు నన్ను నిలదీశారు. ఏమీ దాచకుండా ఒప్పుకున్నాను. ఆ తరువాత నా ఆయుష్షులో ఎవరినీ సాక్ష్యానికి లేపలేదు. తమంతట తాము లేచినవాళ్లు చెప్పింది మాత్రం తల వంచుకుని విన్నాను.