గడ్డం ఉంటేనే కొట్టాలి

టర్కీ పుంజుకి గడ్డం ఎక్కడ ఉంటుందో నాకు మొదటి నుంచీ తెలుసు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. చివర్లో రాస్తే ఎవరూ నమ్మరు.

నేను అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లో ఒక ఇండియన్ స్టోర్‌లో మాంసం కౌంటర్ దగ్గర పనిచేస్తాను. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. ఆగిందంటే, లెక్కల మాస్టారూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. అప్పటికి నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, కోడిపెట్టలా కూయడం. వెనక బెంచీలో కూర్చుని కూస్తే మాస్టారు బల్ల కింద వెతికేవారు. దీనికి మార్కులు లేవని ఆయన నాకు చాలాసార్లు చెప్పారు. అమెరికా వచ్చాక తెలిసింది, ఇక్కడ టర్కీ పుంజుల్ని పిలవడానికి ఆ కూత కోసం పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు చెక్క డబ్బాలు కొనుక్కుని, మూతని అంచుకి రుద్ది మరీ కూయిస్తారని. కోడికీ టర్కీకీ యాస కొంచెం తేడా. అది నెల రోజుల్లో పట్టేశాను.

అలా మా చర్చిలో ఒక మామా అల్లుళ్లు నన్ను వేటకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అల్లుడికి పక్కనే లాస్ కొలీనాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆకుల రంగు చొక్కా, ఆకుల రంగు ప్యాంటు, ఆకుల రంగు థర్మాస్ ఫ్లాస్క్. ఫ్లాస్క్ కింద పెడితే అతనికే కనపడేది కాదు. మావగారు రైల్వేలో టికెట్ కలెక్టర్‌గా రిటైరయ్యారు. నేను అంకుల్ అంటాను. రైలు దిగి ఎన్నో ఏళ్లయినా ఆయన ఎవరి ముఖమైనా చూసే ముందు చేతుల వైపు చూస్తారు, ఏదో చూపిస్తారన్నట్టు.

అంకుల్‌కి అది మూడో సీజన్, అదే ఆఖరిది కూడా. కుడి భుజానికి మంగళవారం ఆపరేషన్. ఆ తర్వాత ఆ భుజానికి తుపాకీ ఆనించే పని పెట్టుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పేశాడు. వసంతం సీజన్ శనివారం మొదలైంది. ఆదివారం ఆయన చర్చి మానరు, సోమవారం అల్లుడు ఆఫీసు మానడు. అంటే ఆయన చేతిలో ఉన్నది ఒక్క శనివారం.

మాంసం కోసం ఆయనకి ఆ ఆరాటం కాదు. మాంసం కావాలంటే నేనున్నాను. ఆయనకి కావలసింది టిఫిన్ దగ్గర చెప్పడానికి ఒక కథ. మేం వెళ్లే పశువుల రాంచ్ యజమాని ఒక తెల్ల ముసలాయన. సీజన్ మొదటిరోజు పొద్దున వేట అయ్యాక తన షెడ్డులో అందరికీ గుడ్లు, బిస్కట్లు పెడతాడు. తింటూ ఒక్కొక్కరూ ఏం జరిగిందో చెప్పాలి. కొట్టినవాడు కొట్టిన కథ చెబుతాడు. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి గోడకి మేకు కొడతారు. రెండేళ్లూ అంకుల్ వంతు వచ్చినప్పుడు ఆయన లేచి నిలబడి "నో బర్డ్" అని కూర్చున్నారు. చొక్కా కత్తిరించడానికి కూడా ఆయన దగ్గర ఏమీ లేదు.

ఇక్కడ వేటకి లైసెన్సుతో పాటు ఒక క్లాస్ పాసవ్వాలి. అంకుల్ వయసువాళ్లకి అది అక్కర్లేదు. నాకు తప్పలేదు. రెండోసారికి పాసయ్యాను. అందుకని రూల్స్ అన్నీ ఆయనకి తెలుగులో చెప్పే బాధ్యత నాది. కార్‌లో వెళ్తూ మళ్లీ అడిగారు.

"ఒరేయ్, రూల్ సరిగ్గా చెప్పు. మాట తేడా రాకూడదు."

"వసంతంలో పుంజునే కొట్టాలంకుల్. గడ్డం ఉంటేనే కొట్టాలి. గడ్డం లేకపోతే కొట్టకూడదు. అంతే."

"గడ్డం ఉంటేనే," అని ఆయన నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

క్లాసులో వాళ్లు బియర్డ్ అన్నారు. నేను గడ్డం అన్నాను. ఎవరైనా అంతే అంటారు.

తెల్లవారే వేళకి అల్లుడు రాంచ్ అవతలి కొసకి వెళ్లాడు. అంకుల్ ఒక ఓక్ చెట్టుకి వీపు ఆనించి, తుపాకీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నారు. నేను వెనకగా పొద చాటున, ఆయన టోపీ తప్ప ఏమీ కనపడని చోట ఉన్నాను. పెట్టలా నాలుగు కూతలు కూశాను. వాగు అవతలి నుంచి పుంజు గొంతు చించుకుంది. ఇంకో రెండు కూశాను. ఈసారి ఇవతలి నుంచి పలికింది. ఇక నేను నోరు మూసుకున్నాను. అది నా జీవితంలో అరుదు.

ఎండిన ఆకుల మీద అడుగులు వినపడ్డాయి. టోపీ కదల్లేదు. తుపాకీ మోత కోసం చెవులు మూసుకుని కూర్చున్నాను. చాలాసేపు మూసుకున్నాక అనుమానం వచ్చి తీశాను. పుంజు మళ్లీ అరిచింది, వాగు అవతలి నుంచి.

పాక్కుంటూ వెళ్లాను. "ఏంటంకుల్, నిద్రపోయారా?"

"లేదురా. చెక్ చేసి పంపించేశాను."

"దగ్గరికి రాలేదా?"

"ఎందుకు రాలేదు, ఇదిగో, ఆ రాయి దాకా వచ్చింది. తోక విప్పింది, ఒళ్లు ఉబ్బించింది. తుపాకీ భుజానికెత్తాను, వేలు కూడా పెట్టాను. గడ్డం లేదు."

"గడ్డం లేదా?"

"ఒక్క వెంట్రుక లేదు. గడ్డం కింద అంతా ఎర్రగా, నున్నగా ఉంది, అప్పుడే సెలూన్ నుంచి వచ్చినట్టు. పోనీ అని ఇంకాసేపు చూశాను. అది కూడా పాపం తల అటూ ఇటూ తిప్పి చూపించింది."

అప్పుడే నాకు అర్థమైంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆయన ముఖం చూస్తే, ఫస్ట్ క్లాస్‌లో దొంగ ప్రయాణికుడిని పట్టుకున్నంత వెలుగుంది. "అయితే మంచి పని చేశారంకుల్," అన్నాను.

షెడ్డులో అల్లుడు ముందు చెప్పాడు. అతనికి ఆవు ఎదురైంది. తర్వాత అంకుల్ లేచారు. రెండేళ్లలో రెండు మాటలు మాట్లాడిన మనిషి, గుడ్లు చల్లారేదాకా చెప్పారు. వాగు, ఆకుల చప్పుడు, విప్పిన తోక, వేలు, అన్నీ వచ్చాయి. ఇంగ్లీష్ ఆగినచోట చేతులు చెప్పాయి. ఆఖర్న తన గడ్డం పట్టుకుని, ఇక్కడ వెంట్రుక లేదు కాబట్టి చట్టం ప్రకారం వదిలేశానని ముగించారు.

ముసలాయన ఫోర్క్ కింద పెట్టాడు. తోక విప్పిందా అని అడిగాడు. విప్పింది. అరిచిందా? అరిచింది. అప్పుడు ఆయన తన ఛాతీ మీద, రెండు గుండీల మధ్య, వేళ్లతో ఒక కుచ్చు వేలాడుతున్నట్టు చూపించాడు.

అంకుల్ ఆ గుండీల వైపు చూశారు. తర్వాత నోట్‌బుక్ తీసి చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"అల్లుడు గారూ, టర్కీకి గడ్డం ఛాతీ మీద ఉంటుందా?"

"అవును మావయ్య గారూ. గుర్రం తోకలా చిన్న కుచ్చు. అన్న చెప్పలేదా?"

"అన్న గడ్డం అన్నాడు. నేను గడ్డం చూశాను."

"అంకుల్, తెలుగులో చోటుకీ వెంట్రుకలకీ ఒకటే మాట," అన్నాను. "ఇందులో నా తప్పేముంది? తప్పు భాషది."

"భాషకి చొక్కా లేదు కదరా," అన్నారు.

ముసలాయనకి అల్లుడు అదంతా ఇంగ్లీష్‌లో చెప్పాడు. ఆయన, కాల్చనివాడు గురి తప్పినట్టు కాదని, తప్పింది మాట కాబట్టి మాట ఎవరిదో చొక్కా వాళ్లదేనని తీర్పిచ్చాడు. నాది కొత్త చొక్కా. వెనక నుంచి జానెడు పోయింది. దాన్ని గోడకి కొట్టబోతుంటే అంకుల్ చెయ్యి చాపి అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు. జరిమానా వసూలు చేసిన రసీదులా.

సాయంత్రం మళ్లీ వెళ్లాం. ఈసారి ఆయన నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నారు, ఏ మాటకి ఏది అర్థమో అక్కడికక్కడే తేల్చడానికి. వీపుకి గాలి తగులుతోంది. పొద్దు వాలే ముందు ఒక టర్కీ వచ్చింది. అరవలేదు, తోక విప్పలేదు. పెట్ట. కానీ ఛాతీ మీద చక్కగా, సన్నగా, జానెడు కుచ్చు. పెట్టల్లో ఎప్పుడో ఒకదానికి అలా ఉంటుంది.

"అంకుల్," గుసగుసగా అన్నాను, "గడ్డం. ఛాతీ మీద. కొట్టండి."

తుపాకీ భుజానికెత్తారు. నొప్పికి పళ్లు బిగించడం వినపడింది. "పెట్టలా ఉందిరా."

"పెట్టే. ఈ కౌంటీలో గడ్డం ఉంటే పెట్టనైనా కొట్టొచ్చంకుల్."

"అని ఎవరు చెప్పారు?"

"నేనే," అన్నాను.

ఆయన మెల్లిగా తల తిప్పి నన్ను చూశారు. మళ్లీ పెట్టని చూశారు. అది తీరిగ్గా గింజలేవో ఏరుకుంటోంది.

"టికెట్ ఉంది," అన్నారు. "వేరేవాళ్ల పేరు మీద ఉంది." తుపాకీ దించేశారు.

షెడ్డు దగ్గర ముసలాయన చెప్పాడు, నేను చెప్పిన రూల్ నిజమేనని. ఆ రోజు మొత్తంలో నేను చెప్పిన మాటల్లో పూర్తిగా సరైనది అదొక్కటే. ఇర్వింగ్‌లో ఇంటి ముందు కారు దిగుతూ అంకుల్, "పొద్దున ముసలాయన నా కథ మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ చూసుకోలేదురా, గమనించావా?" అన్నారు. గమనించానన్నాను. అది కూడా నిజమే. మంగళవారం ఆపరేషన్ అయింది.

మరుసటి వసంతం కూడా ఆయన వచ్చారు, తుపాకీ లేకుండా. తుపాకీ నాకిచ్చారు. కూయడమూ నేనే, కాల్చడమూ నేనే. ఆయన నా వెనక కూర్చుని చెకింగ్. పుంజు వచ్చి, ఎదురుగా నిలబడి తోక విప్పింది. నేను గురిపెట్టి ఆగాను. ఆయన కళ్లజోడు తీసి, జేబులోంచి నా చొక్కా ముక్క తీసి, రెండు అద్దాలూ తుడిచి, పెట్టుకుని, ముందు దాని గడ్డం, తర్వాత దాని ఛాతీ చూశారు. పుంజు కూడా ఓపిగ్గా నిలబడింది.

"ఉంది," అన్నారు. "ఇక కానీరా."

కాల్చాను. పుంజు ఎగిరి వాగు దాటింది. ఓక్ చెట్టు కొమ్మ ఒకటి కింద పడింది.

షెడ్డులో ఆ రోజు కథ ఆయనే చెప్పారు, కిందటి ఏడాదిదీ కలిపి. నేను బల్ల వైపు తిరిగి, వీపు చూపించి నిలబడ్డాను. కత్తెర ఆయన చేతికే ఇచ్చారు. ఆయన కుడి చెయ్యి పైదాకా, నా మెడ దాకా లేచింది. అంచు మాత్రమే కత్తిరించాలి కదా అంకుల్ అన్నాను. ఆపరేషన్ బాగానే జరిగింది.