నాలుగున్నర నిమిషాలు వీధిలో

సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు మా ఆయన కాఫీ లోటా కింద పెట్టారు. మాకు పెళ్లయి అప్పటికి తొమ్మిది రోజులు. టేప్ రికార్డరులో ఒక పాట అయిపోయి ఇంకొకటి మొదలైంది. ముందు డోలక్కు, దాని మీద ఎవరో నోటితో వేసే ఈల, ఆ తర్వాత సైకిల్ బెల్లు రెండుసార్లు.

"లెయ్యి, బయటికి పోదాము," అన్నారు.

"యాడికి?"

"యాడికీ లేదు. సుమ్మా, ఊరికే వీధిలోకి."

కొత్తగా పెళ్లయినదాన్ని కదా, షికారు అనుకున్నాను. చీర మార్చుకుని వస్తానన్నాను.

"అంత టైము లేదు. నాలుగున్నర నిమిషందా, అంతే," అన్నారు.

వీధి చివర కొళాయి దాకా నడిచాం. ఆయన చేతి గడియారం చూసుకుని వెనక్కి తిరిగారు. ఇంట్లో అడుగుపెట్టేసరికి తర్వాతి పాట మొదలవుతోంది. ఆయన ఏమీ జరగనట్టు కూర్చుని చల్లారిన కాఫీ తాగారు.

"ఆ పాట మీకు నచ్చలేదా?" అని అడిగాను.

"నచ్చలేదు."

"అట్లయితే బటన్ నొక్కి దాటించేది కదా?"

ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పెళ్లి తొందరపడి చేసుకున్నానేమో అన్నట్టు చూశారు.

"ఇంటికి పెద్దమనిషి వచ్చి మాట్లాడతా ఉంటే, నచ్చలేదని నోరు మూస్తామా? మనమే ఏదో పని ఉన్నట్టు లేచి పోవాల."

ఆ పెద్దమనిషి ఒక సినిమా సంగీత దర్శకుడు. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ అనేవాళ్లు కాదు, పెద్దాయన అనేవాళ్లు. ఆయన పాటలంటే మా ఆయనకు ప్రాణం. ఒక్క ఆ సైకిల్ బెల్లు పాట తప్ప. ఆ పాట విషయంలోనూ ఆయన పెద్దాయనను ఒక్క మాట అనలేదు. "ఆ పొద్దు ఆయనకు జ్వరం ఉండి ఉంటాది," అనేవారు, అంతే.

మా ఊరు రాజపాళయం, తమిళం మధ్య తెలుగు మాట్లాడుకునే ఊరు. మా ఆయన అక్కడ నూలు మిల్లులో మెయింటెనెన్స్ చూసేవారు. వందల కదుళ్లు ఒక్కసారిగా తిరిగే చప్పుడులో ఏ కదురు తేడాగా తిరుగుతోందో నిలబడి విని చెప్పేవారు. అందుకని ఆయన చెవి మీద నాకు గౌరవం. పైగా మిల్లులో ఒక పోగు తెగిందని నూలు వడికే ఫ్రేము ఆపరట. అది తిరుగుతూనే ఉంటుంది, మనుషులే దాని పక్కన నడుస్తూ అతుకుతారు. తెగిన పోగు కోసం పనంతా ఆపడం తెలివితక్కువ అని ఆయనకు నేర్పింది మిల్లు. దాన్ని ఆయన ఇంటికి తెచ్చారు.

నేను స్కూలు లైబ్రరీలో పనిచేసేదాన్ని. నా పద్ధతి వేరు. నాకు చాలా ఇష్టమైన రచయిత రాసిన ఒక చెడ్డ పుస్తకం మా అలమారలో వెన్ను లోపలికి, కాగితాలు బయటికి పెట్టి ఉంటుంది. అది చూపించి వాదించాను.

"నేను దీని నోరు మూసినాను కదా, ఏమైంది?"

"అది మొగం గోడకు తిప్పి నిలబెట్టేది. ఇంకా అన్యాయం," అన్నారు.

అయితే ఒక విషయంలో ఇద్దరం ఒకటే. ఇష్టం లేనివాళ్ల చెడ్డ పాట మనల్ని ఏమీ చేయదు, బస్టాండులో చప్పుడులా పోతుంది. ఇష్టమైనవాళ్ల చెడ్డ పాటకే సిగ్గు వేస్తుంది. పెళ్లిలో మన వైపు మనిషే తాగి వచ్చినట్టు ఉంటుంది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఆ పాటను నేను సైకిల్ బెల్లు దాటి ఎప్పుడూ వినలేదు. తొమ్మిదో రోజునే బయటికి నడిచాను కాబట్టి వినే అవకాశం రాలేదు. అయినా ఎవరడిగినా ఆ పాట బాగుండదని చెప్పేదాన్ని. కారణాలు కూడా చెప్పేదాన్ని.

మా ఆయన రోజూ సాయంత్రం కాఫీ వేళకు ఆ క్యాసెట్టే పెట్టేవారు. మొదట్లో వీధివాళ్లకు అర్థం కాలేదు. ఎదురింటామె చాలా రోజులు చూసి ఒకనాడు అడిగింది.

"ఏమక్కా, దినమూ వచ్చి నిలబడతారే, ఎవరొస్తారు?"

"ఎవరూ రారు."

"లోపల పాము ఏమన్నా దూరిందా?"

"లేదు. పాట."

"పాటా?" అని ఆమె మా ఇంటి తలుపు వైపు చూసింది. "పాట బాగానే ఉండాదే."

మా ఆయన ముఖం చూసి ఆమె లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఎదురింటి కుక్క కూడా ఆ సమయానికి వచ్చి మా పక్కన నిలబడేది. దానికి ఆ పాట నచ్చలేదని మా ఆయన నమ్మకం. వాన పడితే గొడుగు వేసుకుని నిలబడేవాళ్లం. చుట్టాలు వచ్చి ఉంటే వాళ్లనూ మర్యాదగా బయటికి తీసుకుపోయేవారు. వాళ్లు మా వీధి చాలా బాగుందని చెప్పేవాళ్లు. చూడమని బయటికి పిలిచిన తర్వాత ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఒకసారి సేత్తూరులో పెళ్లికి వెళ్లి బస్సులో వస్తున్నాం. డ్రైవరు ఆ క్యాసెట్టే పెట్టాడు. ఆ ఊరు దాటగానే డోలక్కు మొదలైంది. మా ఆయన లేచి కండక్టరును విజిల్ వేయమన్నారు. ఎవరికైనా వాంతి వస్తోందా అని కండక్టరు తమిళంలో అడిగాడు. లేదు, దిగుతాం అన్నారు. పొలాల మధ్య, పెళ్లివాళ్లిచ్చిన కొబ్బరికాయల సంచులతో దిగాం. బస్సు వెళ్లిపోయింది.

"నాలుగున్నర నిమిషం అయినాక ఏమి చేసేది?" అని అడిగాను.

"ఇంకో బస్సు వస్తాది."

ముప్పావు గంటకు వచ్చింది. అందులోనూ పెద్దాయన పాటలే. మా ఆయన ఎక్కకుండా మెట్టు మీద నిలబడి, ఇది ఏ క్యాసెట్టని కండక్టరును అడిగారు. వేరే క్యాసెట్టని తెలిశాకే ఎక్కారు.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి ఫోను వచ్చింది. ఫోనులో వేలితో ఒకసారి తాకితే పాట మారిపోతుంది. ఆ మాట అంటే, "మారిస్తే మారతాది. అంతమాత్రాన మార్చేదా?" అనేవారు. ఫోను లోపల మోగుతుంటే మేం బయట కొళాయి దాకా నడిచేవాళ్లం. ఫోను జేబులో ఉందని మరిచిపోయి బయల్దేరిన రోజు మాత్రం పాట మాతోపాటే కొళాయి దాకా వచ్చి మాతోపాటే తిరిగి వచ్చింది. నేను రెండు చెవులూ మూసుకున్నాను. ఆయన సిగ్గుపడి ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

పోయిన సంవత్సరం ఆయన చనిపోయారు. గుండె. మిల్లు నుంచి రిటైరై రెండేళ్లు కాలేదు. దీని గురించి ఇంతకంటే రాయను.

పదహారో రోజు కార్యం మా వీధి పక్కనున్న చిన్న మండపంలో చేశాం. మైక్ సెట్టు అతను తళవాయిపురం నుంచి వచ్చాడు. ఏ పాటలు పెట్టమంటారని అడిగితే మా వదిన, అంటే ఆయన అక్క, ముందుకు వచ్చి చెప్పింది.

"పెద్దాయన పాటలు పెట్టు. మా తమ్ముడికి అవేదా ఇష్టం. సౌండు మాత్రం తగ్గించు."

రెండో పంక్తి భోజనం జరుగుతోంది. సాంబారు వడ్డిస్తున్నారు. నేను ఒక మూల కుర్చీలో ఉన్నాను. డోలక్కు మొదలైంది. ఈల వచ్చింది. సైకిల్ బెల్లు వినబడేసరికి నేను లేచి బయటికి నడిచాను. ఆలోచించి చేసింది కాదు. కాళ్లు అలవాటున నడిచాయి.

దుఃఖంలో ఉన్న మనిషి లేచి నడిస్తే వెనక ఇద్దరు రావడం మామూలు. నా వెనక వదిన వచ్చింది. వదిన వెనక మా వైపు ఆడవాళ్లు వచ్చారు. ఆడవాళ్లంతా లేచారంటే ఏదో శాస్త్రమని మగవాళ్లు లేచారు. చివరికి ఆకుల ముందు కూర్చున్నవాళ్లు కూడా లేచారు. మా పెదమామ సాంబారన్నం అంటిన చేతిని భుజం ఎత్తున పట్టుకుని, ఎండకు తాళలేక గోడ నీడ వైపు జరిగి నిలబడ్డారు. అట్లాంటి చేతులు నలభై దాకా లేచి ఉన్నాయి.

కార్యం చేయించి ఆటో కోసం బయట ఎదురుచూస్తున్న ఐయ్యరు ఇదంతా చూసి నా దగ్గరికి వచ్చారు.

"ఇది మీ ఇంటి వళక్కమా అమ్మా, ఆచారమా?"

నేను నోరు తెరిచేలోపు వదిన చెప్పింది.

"అవు సామీ. మా ఇంటి వళక్కందా ఇది. పోయినవాళ్ల కోసరం తినే నడుమ లేచి నిలబడేది."

వదినకు ఏమీ తెలియదు. ఇంతమంది ముందు తెలియదని చెప్పడం ఆమెకు చేతకాదు.

"ఎంతసేపు నిలబడాల?" అని ఐయ్యరు అడిగారు.

"నాలుగున్నర నిమిషాలు," అన్నాను. అది నాకు తెలిసిన విషయం.

"అంత సరిగ్గానా?" అని ఆయన గడియారం చూసుకున్నారు. తర్వాత గొంతు పెంచి అందరికీ చెప్పారు. "ఇంకా రెండు నిమిషం ఉండాది. ఎవరూ లోపలికి పోవద్దు."

లోపల మైక్ సెట్టు అతను ఒక్కడే మిగిలాడు. పరిగెత్తుకొచ్చి, "సౌండు ఎక్కువైందా అమ్మా?" అని అడిగాడు. లేదన్నాను. పోయి పాట ఆపబోతే ఐయ్యరు ఆపనివ్వలేదు. కార్యం నడుమ ఏదీ ఆపకూడదట. ఆ మాట మా ఆయన విని ఉంటే ఐయ్యరుకు ఇంకో వెయ్యి ఇవ్వమనేవారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. రెండు నెలల తర్వాత మంసాపురంలో మా దూరపు చుట్టం ఒకాయన పోతే, ఆయన పదహారో రోజుకు వదిన, నేను వెళ్లాం. అక్కడ మైకూ లేదు, పాటా లేదు. రెండో పంక్తిలో సాంబారు పడగానే ఒక పెద్దమనిషి చప్పట్లు కొట్టి, "అందరూ లేయండి, నాలుగున్నర నిమిషం బయట నిలబడాల," అన్నాడు.

అందరూ లేచారు. ఎటు చూసి నిలబడాలని ఎవరో అడిగారు.

"తూరుపు. రాజపాళయంలో తూరుపు చూసినారు," అని ఇంకెవరో చెప్పారు.

మా మండపం ముందు తూర్పు వైపు గోడ నీడ ఉంది, అందుకని అటు జరిగాం. అది అక్కడ చెప్పలేకపోయాను. నేనూ తూర్పు చూసి నిలబడ్డాను. నా పక్కన ఒక ముసలామె కళ్లు మూసుకుని ఉంది. అందరి ముఖాల్లోనూ నిజమైన శ్రద్ధ ఉంది. దీనికి కారణం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ కారణం ఒక పాట, ఆ పాటను నేను వినలేదు. ముప్పై ఏళ్లకు పైగా నాకు నచ్చలేదని చెప్పుకున్న పాట నాకు నచ్చలేదో, ఆయనకు నచ్చలేదో తేల్చుకోకుండా మంసాపురంలో ఎండలో నిలబడి ఉన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వదినకు జరిగిందంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నది.

"పాట కోసరమా?"

"అవును వదినె."

"ఇంగెవరికీ చెప్పొద్దు," అంది. "ఐయ్యరు నోటుబుక్కులో రాసుకున్నాడు."

"తప్పు కదా?"

"ఏమి తప్పు? లోపల ఉడుకు, బయట గాలి. జనానికి మంచిదేదా. పాట అంత చెడ్డదా?"

"తెలీదు," అన్నాను. ఆ మాట నేను బయటికి అనడం అదే మొదటిసారి.

"మా తమ్ముడికి తగిన పెళ్లామే," అంది.

మర్నాడు పొద్దున ఇల్లు ఊడ్చి, కుర్చీలో కూర్చుని ఫోనులో ఆ పాట పెట్టాను. భయం వేసింది. పాట నాకు నచ్చితే ఏం చేయాలన్నదే భయం. నచ్చితే ఇన్నేళ్లు ఆయనతో నడిచిన నడకంతా అబద్ధమవుతుంది. అంతకంటే ముఖ్యం, ఆయన ఒక వైపు, నేను ఒక వైపు అవుతాం. చనిపోయిన మనిషితో ఆ తగాదా తీర్చుకోవడానికి వీలుండదు.

సైకిల్ బెల్లు దాటింది. తర్వాత ఆడవాళ్లు తాళానికి సరిగ్గా హహహ అని నవ్వారు. పల్లవి ఎక్కడికో ఎక్కబోయి, మనసు మార్చుకుని దిగిపోయింది. మొదటి చరణంలో కోడి కూసింది. అవసరం లేని కోడి. రెండో చరణానికి ముందు వయొలిన్లు ఒక ఎనిమిది సెకన్లు చాలా బాగా వచ్చాయి, అచ్చంగా పెద్దాయనే. అది విన్నాక జ్వరం అన్న మాట నమ్మడం కష్టమైంది. ఆరోగ్యంగా ఉండే, అన్నీ తెలిసే చేశారు. తర్వాత కోడి మళ్లీ కూసింది. ఈసారి నవ్వులూ కోడీ కలిసి వచ్చాయి. చివర పాట ముగియలేదు, చిన్నదై చిన్నదై పోయింది.

నచ్చలేదు. ఎవరూ చెప్పకుండా, నా అంతట నాకే నచ్చలేదు. నేను ఇన్నేళ్లు ఊహించి చెప్పిన కారణాల్లో ఒక్కటీ సరైనది కాదు. అసలు కారణాలు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. కోడి సంగతి మీకు తెలుసా అని మా ఆయనను అడగాలనిపించింది. ఖాళీ ఇంట్లో కాసేపు నవ్వాను. తర్వాత ఏడ్చాను. తర్వాత పాట ఇంకోసారి పెట్టి, నచ్చకపోవడం ఖాయమేనా అని చూసుకున్నాను. ఖాయమే.

మంసాపురం వైపు ఆ తర్వాత ఇంకో రెండు కార్యాల్లో జనం తూర్పు చూసి నిలబడ్డారని వదిన చెప్పింది. పెద్దాయన పాటలు సాయంత్రం నేను పెడుతూనే ఉన్నాను. ఆ పాట వంతు వస్తే దాటించను, కూర్చునే వింటాను, కూర్చునే విసుక్కుంటాను. మా ఇంట్లో ఆ పాట కోసం ఎవరూ వీధిలోకి వెళ్లడం లేదు.